సిల్వర్ పడవకి మాట్లు వేశాం!

ఎవరైనా ఇల్లు కొనుక్కుంటే పెరట్లో మామిడిచెట్టో, కొబ్బరిచెట్టో కలిసొస్తుంది. మాకు మాత్రం పడవ కలిసొచ్చింది!

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగర శివార్లలో మేమో పాత ఇల్లు కొనుక్కున్నాం. పెరటి చివర పొదల్లో బోర్లా పడి ఉంది ఆ పడవ. పద్నాలుగు అడుగుల పొడవు. అల్యూమినియం రేకుతో చేసిన చేపల బోటు. పైన ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, లోపల ఆకులు కుళ్ళి, చూడటానికి పాతసామాన్ల వాడు కూడా వద్దనేలా ఉంది.

ఇల్లమ్మిన పెద్దాయన "దీన్ని తీసేయించమంటారా?" అనడిగాడు. మా వారు "తీసేయించండి" అనేలోపే నేను "ఉంచండి" అన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలో నాకూ తెలీదు. పెద్దాయన సంతోషంగా రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. మా క్లాసులో అరవైమందికి ఆడపిల్లలం నలుగురం. వర్క్‌షాప్‌లో ఫిట్టింగు, కార్పెంటరీ, రేకుపని అన్నీ ఉండేవి. కానీ జరిగేదేంటంటే... సుత్తులూ ఆకురాళ్ళూ మగపిల్లల చేతిలో, రికార్డు పుస్తకాలు మా చేతిలో! "మీ దస్తూరీ బావుంటుంది, మీరు రాసెయ్యండి" అనేవాళ్ళు. మేమూ రాసేసేవాళ్ళం. పెళ్ళయ్యాక హెచ్4 వీసా మీద ఇక్కడికొచ్చాను. అది భార్యగా వచ్చే వీసా. దాని మీద ఉద్యోగం చేయడానికి లేదు. 2015 నుంచి కొందరికి, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే, పని అనుమతి ఇస్తున్నారు. ఆ కొందరిలో నేనింకా లేను. నాలుగేళ్ళుగా నా చదువు పెట్టె అడుగున సర్టిఫికెట్ల రూపంలో ఉంది.

సొంత పెరట్లో సొంత పడవ బాగుచేసుకోవడానికి ఏ వీసా అడ్డొస్తుంది చెప్పండి?

విమానం రేకు నుంచి వచ్చిన పడవ

మిన్నెసోటాని పదివేల సరస్సుల నేల అంటారు. నిజానికి పది ఎకరాలు దాటిన సరస్సులే 11,842 ఉన్నాయట. సంక్రాంతికి మనింట్లో గొబ్బిళ్ళెంత మామూలో, ఇక్కడ వేసవిలో ఇంటి ముందు పడవ అంత మామూలు. అందులో ఎక్కువ భాగం అల్యూమినియంవే.

దీనికో కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాల కోసం అల్యూమినియం రేకుని వంచి, రివెట్లు కొట్టి అతికే పనిలో ఆరితేరింది. యుద్ధం ముగిసే వేళకి విమానాలకి గిరాకీ పోయింది. గ్రమ్మన్ అనే విమానాల కంపెనీలో ఉపాధ్యక్షుడు విలియం హాఫ్‌మన్ 1944లో సెలవుకెళ్ళి, బరువైన చెక్క కనూ పడవని భుజాన మోసి మోసి విసిగిపోయి, "దీన్ని అల్యూమినియంతో చేస్తే!" అనుకున్నాడు. ఆ వెంటనే వాళ్ళ కనూలు తయారయ్యాయి. మా రాష్ట్రంలోనే న్యూయార్క్ మిల్స్ అనే చిన్న ఊళ్ళో హోవార్డ్ లండ్ 1948లో అల్యూమినియం చేపల పడవల వ్యాపారం మొదలుపెట్టాడు. తేలిక, చెదలు పట్టదు, తుప్పు పట్టదు. ఇంకేం కావాలి?

మా పడవ వయసు తెలుసుకోవడం ఒక సరదా. 1972 నవంబరు నుంచి ఇక్కడ తయారయ్యే ప్రతి పడవకీ వెనక భాగాన పన్నెండు అక్షరాల గుర్తింపు నంబరు తప్పనిసరి చేశారు. మా దానికి అది లేదు. అంటే అది నాకంటే బాగా పెద్దది!

మొదటి పరీక్ష

పడవకి చిల్లులున్నాయో లేవో తెలియాలంటే నీళ్ళలో దించక్కర్లేదు. నీళ్ళే దాన్లో పోయాలి! కుండ కొనేప్పుడు మనం చేసే పనే ఇది.

సెప్టెంబరులో ఒక ఆదివారం పడవని బలమైన చెక్క స్టాండ్ల మీద వెల్లకిలా పెట్టి, తోట గొట్టంతో నాలుగంగుళాల మట్టానికి నీళ్ళు పట్టాం. ఇక్కడ జాగ్రత్త అవసరం. నాలుగంగుళాలంటే కొంచెమే అనిపిస్తుంది గానీ, పద్నాలుగడుగుల పడవలో అవి సుమారు 350 లీటర్లు. అంటే 350 కిలోలు! ఎక్కువ పోస్తే రేకు వంగిపోతుంది, స్టాండు జారితే కాళ్ళ మీద పడుతుంది.

పది నిమిషాలకి కింది నుంచి చూశాను. టప్... టప్... ఒకటీ రెండూ కాదు. కారే ప్రతి రివెట్ చుట్టూ మార్కర్‌తో సున్నా చుట్టుకుంటూ పోయాను. మొత్తం ఇరవై ఏడు! మా వారు నవ్వి "ఇది పడవ కాదు, జల్లెడ" అన్నారు.

అసలు గుండె జారింది మాత్రం వెనక గోడ చూశాక. పడవ వెనకాల ఇంజను బిగించే చోటుని ట్రాన్సమ్ అంటారు. రెండు రేకుల మధ్య దళసరి చెక్క ఉంటుంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే తడిసిన బిస్కెట్టులో దిగినట్టు దిగిపోయింది. పైన రంగేసి ఉంటే ఎవరికీ తెలీదు. నడిసరస్సులో ఇంజను ఊడి నీళ్ళలో పడ్డప్పుడే తెలుస్తుంది.

నవంబరు చివరికల్లా ఇక్కడ సరస్సులు గడ్డకట్టడం మొదలవుతుంది. మళ్ళీ కరిగేది ఏప్రిల్లోనే. జిగుర్లూ రంగులూ చలిలో సరిగ్గా గట్టిపడవు. సుమారు పది డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే పని. అందుకని చలికాలమంతా ఇంటి కింద గదిలో చెక్క కోత పెట్టుకున్నాను. కుళ్ళిన చెక్కని ముక్కలు ముక్కలుగా బయటికి తీసి, నేల మీద అతుకులబొమ్మలా పేర్చి, దాని ఆకారం అట్టముక్క మీద గీసుకున్నాను. బ్లౌజుకి ఆది తీసుకున్నట్టే! వెచ్చగా ఉన్న గదిలో కొత్త చెక్క కోసి, రెండు పొరలు కలిపి జిగురు పెట్టి బిగించాను. ఎంత గర్వపడ్డానో!

అత్తయ్య వచ్చారు

ఏప్రిల్లో మా అత్తయ్య భీమవరం నుంచి వచ్చారు, ఆర్నెల్లు ఉండటానికి. గరాజ్‌లో పడవ చూడగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇదెందుకమ్మా మనకి? నీళ్ళతో పరాచికాలా?"

ఆవిడ భయానికి కారణం ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి సుమారు యాభైమంది చనిపోయారు. ఆ రోజుల్లో ఆవిడ టీవీ ముందు నుంచి లేవలేదట. "లైఫ్ జాకెట్లు వేసుకున్నవాళ్ళు కొందరు బయటపడ్డారు, వేడిగా ఉందని తీసేసినవాళ్ళు పోయారని చెప్పుకున్నారే అమ్మాయ్" అని ఇప్పటికీ అంటారు. "నా మనవడిని దీన్లో ఎక్కించనివ్వను" అని తేల్చేశారు.

నేను వాదించలేదు. నా పని నేను చేసుకుంటూ పోయాను. కానీ రివెట్ల దగ్గర ఇరుక్కుపోయాను. అది ఒక్కరితో అయ్యే పని కాదు. వదులైన రివెట్‌ని బిగించాలంటే బయట ఒకరు దాని తల మీద బరువైన ఇనుపదిమ్మ అదిమి పట్టుకోవాలి. లోపలి నుంచి ఇంకొకరు దాని తోక మీద సుత్తితో కొట్టాలి. రెండింటి మధ్య నలిగి రివెట్ మళ్ళీ బిగుసుకుంటుంది. మా వారికి శని ఆదివారాలు తప్ప తీరదు.

ఒకరోజు నేను ఒక్కదాన్నే తంటాలు పడుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి చూశారు. కాసేపటికి "ఇది మాట్లు వేసేవాళ్ళ పనే కదమ్మా!" అన్నారు.

గుర్తుందా మీకు? "బిందెలకి మాట్లు వేస్తామమ్మా..." అని వీధుల్లో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు. సిల్వర్ గిన్నెకి చిల్లు పడితే చిన్న రేకుబిళ్ళ పెట్టి, అటో ఇనుపకడ్డీ ఆనించి, ఇటు నుంచి ఠంగు ఠంగుమని కొట్టి, నీళ్ళు పోసి చూపించి డబ్బులు తీసుకునేవాళ్ళు. అత్తయ్య చిన్నప్పుడు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఆ పని గంటల తరబడి చూసేవారట.

"ఏదీ, ఆ దిమ్మ ఇటియ్యి. నువ్వు కొట్టు" అన్నారు.

పడవని పక్కకి ఒరగబెట్టాం. అత్తయ్య బయట వైపు ముక్కాలిపీట మీద, నేను లోపలి వైపు. రివెట్ తల చదునైపోకుండా దిమ్మలో చిన్న గుంట చేయించాను. ఆవిడ "ఊఁ" అనేవారు, నేను కొట్టేదాన్ని. నాలుగు దెబ్బలు. చెవుల్లో దూది. రోజుకి మూడు నాలుగు రివెట్లు. అంతకంటే మించితే ఆవిడ చేతులు నొప్పెట్టేవి. పనంతా ముగిసేసరికి పంతొమ్మిది బిగుసుకున్నాయి. ఎనిమిదింటికి రంధ్రాలే అరిగి పెద్దవైపోయాయి. వాటిని తొలిచి కొంచెం లావు కొత్తవి వేశాం. లోపలి అతుకుల మీద పడవలకని అమ్మే ఎపాక్సీ పూత పూశాం.

"మా కాలవల్లో చెక్క పడవలకైతే సందుల్లో దూది కూరి గుగ్గిలం మెత్తేవాళ్ళు. ఇదీ అంతే కదా!" అన్నారావిడ, డబ్బాలో ఎపాక్సీ చూసి.

మళ్ళీ నీళ్ళు పోసి చూశాం. ఇరవై ఏడు కాస్తా రెండయ్యాయి. ఆ రెండింటినీ అత్తయ్యే కనిపెట్టారు!

చెక్క తెచ్చిన తంటా

చలికాలంలో చేసిన చెక్క గోడని మే నెలలో బిగించేశాం. స్టీలు బోల్టులు, మధ్యలో సీలెంటు, అంతా పూర్తి. ఇక రంగే అనుకుంటూ కింది గది ఊడుస్తున్నాను. మిగిలిన చెక్కముక్క చివర చిన్న కాగితం చీటీ పిన్ను కొట్టి ఉంది. దులిపి చదివాను. "అల్యూమినియంకి నేరుగా తగలనివ్వకండి" అని ఉంది.

కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

నేను కొన్నది చెద పట్టకుండా, కుళ్ళకుండా మందు పట్టించిన చెక్క. ఆరుబయట వాడకానికి మంచిదంటే తెచ్చేశాను. ఆ మందులో రాగి ఉంటుంది. 2003 చివరి దాకా ఇళ్ళ వాడకం చెక్కల్లో ఎక్కువగా ఆర్సెనిక్ కలిసిన మందు ఉండేది. అది ఆరోగ్యానికి మంచిది కాదని ఆపేశాక రాగి పాలు పెంచిన మందులొచ్చాయి. రాగి, అల్యూమినియం, మధ్యలో తడి... ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. ఇంజనీరింగులో చదువుకున్న పాఠమే ఇది. రికార్డులో చక్కటి దస్తూరీతో రాసింది కూడా నేనే!

మా వారు నన్ను ఓదారుద్దామని "ఉండనీ. ఇప్పటికిప్పుడేం కాదు కదా. రెండేళ్ళు వాడి అమ్మేద్దాం" అన్నారు. నిజమే, రంగేస్తే ఎవరికీ కనపడదు. నాకూ ఓపిక అయిపోయింది. సరేననబోయాను.

అత్తయ్య అడిగారు. "ఉంచేస్తే ఏమవుతుందే?"

"నెమ్మదిగా రేకుని తినేస్తుంది అత్తయ్యా. ఎప్పటికి అన్నది చెప్పలేం. కొన్నాళ్ళకి బోల్టుల దగ్గర పొడి రాలుతుంది. గోడ బలం పోతుంది."

"ఆవకాయ సిల్వర్ గిన్నెలో పెట్టినట్టన్నమాట. పెట్టిన రోజు బాగానే ఉంటుంది." ఆవిడ కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నారు. "మనం అమ్మితే కొనుక్కునేవాళ్ళకీ పిల్లలుంటారు కదమ్మా."

అంతే. ఆ మాటతో ఇంట్లో ఇంకెవరూ నోరెత్తలేదు. మర్నాడు పొద్దున్నే బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. మా వారు కూడా సెలవు పెట్టి వచ్చి రెండో పాన పట్టుకున్నారు. నాలుగు నెలల పని నాలుగు గంటల్లో ఊడి బయటికొచ్చింది. ఏడుపొచ్చిందా అంటే వచ్చింది. డెబ్బై డాలర్ల చెక్క కంటే, అన్ని రోజుల చాకిరీ పోయిందని.

ఈసారి మందు లేని, నీటికి తట్టుకునే జిగురుతో చేసిన ప్లైవుడ్ తెచ్చాం. ముప్పావు అంగుళంవి రెండు పలకలు, వాటర్‌ప్రూఫ్ జిగురుతో అతికి ఒకటిన్నర అంగుళం మందం చేశాం. అంచులతో సహా మూడు పూతలు ఎపాక్సీ. బోల్టు రంధ్రాల లోపల కూడా పూశాం. ఎందుకంటే చెక్కలోకి నీరు ముందు దూరేది అక్కణ్ణించే. పాత అట్టముక్క ఆది అలాగే ఉంది కాబట్టి ఈసారి రెండు వారాల్లో అయిపోయింది. కోసింది నేనే, కొలతలు సరిచూసింది అత్తయ్య!

సీట్ల కింద ప్రాణం

ఒక విషయం నాకూ కొత్తే. ఇలాంటి పడవల్లో సీట్లు ఉత్త కూర్చోవడానికే కాదు. వాటి కింద ఫోమ్ దిమ్మలుంటాయి. పడవ నిండా నీళ్ళు చేరినా అడుక్కి పోకుండా తేల్చేవి అవే. ఒక ఘనపుటడుగు ఫోమ్ సుమారు 27 కిలోల బరువుని నీటి మీద నిలబెడుతుంది. మా పడవలో అది ఏళ్ళ తరబడి తడిసి, స్పాంజిలా నీళ్ళు తాగి, ఎత్తలేనంత బరువెక్కింది. తేల్చాల్సిందే ముంచేలా ఉంది! దాన్ని తీసేసి, ఇళ్ళ గోడలకి వాడే నీరు పీల్చని గులాబీరంగు ఫోమ్ పలకలు కోసి నింపాం. పెట్రోలు తగిలితే ఇది కరిగిపోతుంది. కాబట్టి ఇంధనం డబ్బాని దూరంగా పెట్టే ఏర్పాటు కూడా చేశాం.

అత్తయ్యకి ఇది వివరంగా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు ఫోమ్ ముక్కలు ఖాళీ లేకుండా ఇరికించింది ఆవిడే.

రంగుకి ముందు పాత రంగులో సీసం ఉందేమో కిట్‌తో పరీక్షించాం. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. మా పడవ అంతకంటే పాతది కదా! ఉందని తేలింది. అందుకని పొడిగా గీకకుండా, రంగు ఊడదీసే ద్రావకం పూసి తడిగానే తీశాం. బాబుని ఆ చుట్టుపక్కలకి రానివ్వలేదు. పనిబట్టలు విడిగా ఉతికాం.

పడవ లేకపోయినా పనికొచ్చేవి

* అల్యూమినియం మీద కనపడని సన్నటి పొర ఉంటుంది. దాన్ని కాపాడేది అదే. ఉప్పు, పులుపు ఎక్కువసేపు నిలవుంటే ఆ పొర పోయి గుంటలు పడతాయి. సిల్వర్ గిన్నెల్లో పచ్చళ్ళు, పులుసులు నిలవ ఉంచకండి.

* మరకలకి వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి రుద్ది, వెంటనే బాగా కడిగేయండి. కాస్టిక్ సోడా లాంటి గాఢ క్షారాలు అల్యూమినియాన్ని తినేస్తాయి.

* ఇనుప పీచుతో రుద్దితే సన్నటి ఇనుప రజను ఇరుక్కుని తుప్పు మచ్చలొస్తాయి. నైలాన్ పీచు మేలు.

* పాత తలుపులు, కిటికీలు, ఉయ్యాలల రంగు గీకేప్పుడు సీసం సంగతి మరవకండి. గర్భిణులూ పసిపిల్లలూ ఆ ధూళికి దూరంగా ఉండాలి.

* ఏ పడవ ఎక్కినా ముందు లైఫ్ జాకెట్. పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కుని బిగించుకోవాలి.

నీళ్ళలోకి...

జులైలో ఒక శనివారం. మొత్తం ఖర్చు 430 డాలర్లు. అందులో 70 నా తెలివితక్కువకి! ఇదే కొలత కొత్త పడవకి వేల డాలర్లు పెట్టాలి. ముందు భాగాన రెండు వైపులా రిజిస్ట్రేషన్ నంబరు అంటించాం. ఎంతమంది ఎక్కచ్చో లెక్క చూసుకున్నాం. పొడవూ వెడల్పూ అడుగుల్లో గుణించి పదిహేనుతో భాగించాలి. మాకు నలుగురు.

అత్తయ్య పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. "గంగమ్మ తల్లీ, చల్లగా చూడు" అని కొబ్బరికాయ కొట్టారు. పక్కన పడవ దించుకుంటున్న ఒకాయన టోపీ తీసి నిలబడ్డాడు, ఏం జరుగుతోందో తెలీకపోయినా.

ఇక్కడ పదేళ్ళలోపు పిల్లలు కదిలే పడవలో లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని చట్టం. మా ఇంట్లో మాత్రం అందరికీ అదే చట్టం. మొదట నేనూ మా వారూ ఇద్దరమే వెళ్ళి ఒడ్డు వెంబడే అరగంట తిరిగొచ్చాం. లోపల చుక్క నీరు లేదు. అత్తయ్య కట్ట మీద నిలబడి మనవడి చెయ్యి గట్టిగా పట్టుకుని చూస్తూనే ఉన్నారు.

"రండి అత్తయ్యా" అన్నాను. బలవంతం చేయలేదు.

ఆవిడ ఒక నిమిషం నన్ను చూశారు. తర్వాత పడవని చూశారు. ఆ రోజు ఎందుకు అడిగారో గానీ పొద్దున్నే నా చుడీదార్ ఒకటి అడిగి తొడుక్కున్నారు. మనవడి జాకెట్ బిగింపులు మూడుసార్లు లాగి చూశారు. తనదీ నాలుగుసార్లు లాగి చూసుకున్నారు. ఎక్కి మధ్య సీటు మీద కూర్చున్నారు.

సరస్సు అందాలు ఆవిడ చూశారనుకోను. వంగి పడవ అడుగునే చూస్తూ కూర్చున్నారు. ఒక్కో రివెట్ మీదా వేలు పెట్టి తడి ఉందేమో తడుముతున్నారు. చాలాసేపటికి తలెత్తి, "నేను పట్టుకున్నవి ఒక్కటీ కారలేదే" అన్నారు.

ఆ సాయంత్రం మా వాడి గాలానికి అరచేయంత చేపలు ఆరు పడ్డాయి. క్రాపీ అంటారు. పుస్తెలమ్మి తినాల్సిన గోదావరి పులసలు కావవి. అయినా చింతపండు పులుసులో ఉడుకుతుంటే వీధి చివరిదాకా వాసనొచ్చింది.

వచ్చే ఏడాది అత్తయ్య మళ్ళీ వస్తానన్నారు. వెళ్ళేముందు గరాజ్‌లో ఇనుపదిమ్మని గుడ్డలో చుట్టి, పై అరలో పెట్టారు. "ఎవరికీ ఇవ్వకు" అని మరీ చెప్పారు. మా వీధిలోనే ఇంకో పెరట్లో పన్నెండడుగుల పడవ బోర్లా పడి ఉందని ఆవిడే ముందు చూశారు మరి!